ఓడలకు దారి విడిచిన వంతెనలు

డర్హమ్ దాటాక రైలు కాసేపు ఏ విశేషమూ లేని ఊళ్ల పక్కనుంచి పోతుంది. ఎర్ర ఇటుక ఇళ్ల వరసలు, గోదాములు, వరసగా నిలిపిన కార్లు. ప్రయాణికుడికి కునుకు పట్టే చోటు అది. అంతలో వేగం తగ్గుతుంది, చక్రాల చప్పుడు మారుతుంది, కిటికీ కింద ఉన్న నేల కాస్తా మాయమవుతుంది. ఎక్కడో లోతున టైన్ నది. కుడివైపు ఒక నీలం వంతెన, దాని వెనక రాతి కాళ్ల మీద నిలబడ్డ పాత ఇనుప వంతెన, నీళ్లను ఆనుకుని పొట్టిగా ఇంకొకటి, వాటన్నిటి మీదుగా ఆకుపచ్చ కమాను, ఇంకా అవతల సన్నగా తెల్లటి మరో కమాను. పెట్టెలో సగంమంది ఫోన్లలోంచి తలెత్తారు. ఆ ఊరివాళ్లు కూడా తలెత్తారని వాళ్ల యాసను బట్టి తెలిసింది.

ఉత్తరాన న్యూకాసిల్, దక్షిణాన గేట్స్‌హెడ్. రెండూ నిటారు గట్ల మీద ఎదురెదురుగా కూచున్న ఊళ్లు. మధ్యలో రెండు కిలోమీటర్ల లోపు దూరంలో ఏడు వంతెనలు. గేట్స్‌హెడ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు స్టేషన్‌కి వచ్చాడు. వంతెనలు చూద్దామని వచ్చానంటే వాడికి నవ్వొచ్చింది. "వాటి మీద చూడ్డానికేముంది మావయ్యా? ఏ వంతెన మీద ట్రాఫిక్ ఆగిందో పొద్దున్నే ఫోన్‌లో చూసుకుంటాం, అంతే" అన్నాడు. సంచీ వాడికిచ్చి పంపేసి, నేను కాలినడకన బయల్దేరాను.

నన్ను తెచ్చిన వంతెన పేరు కింగ్ ఎడ్వర్డ్ ది సెవెంత్. 1906లో తెరిచారు. నాలుగు పట్టాల రైలు వంతెన, నార్త్ ఈస్టర్న్ రైల్వే ఇంజనీరు చార్లెస్ హారిసన్ కట్టాడు. అంతకుముందు దక్షిణం నుంచి వచ్చే ప్రతి రైలూ పాత వంతెన దాటి స్టేషన్‌లోకి తూర్పు వైపునుంచి వచ్చేది. ఎడింబరో పోవాలంటే మళ్లీ అదే వైపు బయటికి పోవాలి. అంటే ఇంజను విప్పి అటు చివర తగిలించడం, ఈలోగా వెనక రైళ్లు నిలబడిపోవడం. పడమటి వైపు కొత్త వంతెన కట్టాక రైలు ఒక వైపు వచ్చి రెండోవైపు పోతోంది. చూపులకు దీంట్లో ప్రత్యేకత ఏమీ లేదు. రైల్వేవాళ్లు తమ తలనొప్పి తీర్చుకోవడానికి కట్టుకున్న వంతెన, తలనొప్పి తీరింది.

స్టేషన్‌కి పక్కనే కోట ఉంది. ఊరికి పేరు తెచ్చిన కొత్త కోట 1080లో కట్టిందట. ఇప్పుడు నిలిచున్న రాతి బురుజు దాని తర్వాతది, 1172లో మొదలుపెట్టింది. విక్టోరియా కాలపు రైల్వేవాళ్లకి చరిత్ర మీద ఎంత భక్తో చెప్పనక్కర్లేదు, కోట బురుజుకీ కోట ద్వారానికీ మధ్యలోంచే పట్టాలు వేసుకుపోయారు. మెలికల మెట్లెక్కి పైకి పోతే మోకాళ్లు పట్టేశాయి కానీ, నది ఎందుకు ఈ ఊరికి ఇంత పని పెట్టిందో అక్కడే అర్థమైంది. వెడల్పు పెద్దగా లేదు. లోతైన లోయ. సముద్రం పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, పోటు నీళ్లు ఊరు దాటి పైదాకా వస్తాయి. ఈ నదిలోకి ఓడలు వచ్చేవి. ఒకటీ అరా కాదు, ఇంగ్లాండు పొయ్యిలన్నిటికీ బొగ్గు మోసే ఓడలు. గట్టు మీది మనిషి అవతలికి పోవాలి, ఓడేమో ఆగకూడదు. ఇక్కడి ఇంజనీర్లు రెండు వేల ఏళ్లుగా ఈ ఒక్క లెక్కే చేస్తూ వచ్చారు.

మొదటి లెక్క రోమన్లది. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో క్రీ.శ. 122 ప్రాంతంలో ఇక్కడో వంతెన వేసి, ఆయన ఇంటిపేరుతో దాన్ని పోన్స్ ఏలియస్ అన్నారు. నదిలోంచి రెండు రాతి బలిపీఠాలు బయటపడ్డాయి, ఒకటి నెప్ట్యూన్‌కి, ఒకటి ఓషియానస్‌కి, ఆరో దళం సైనికులు పెట్టినవి. ఊళ్లోని గ్రేట్ నార్త్ మ్యూజియంలో ఉన్నాయి. వంతెన వేసేముందు నీటి దేవుళ్లకు మొక్కుకోవడం ఒక్కచోటి అలవాటు కాదన్నమాట.

తర్వాత మధ్యయుగపు రాతి వంతెన వచ్చింది. దాని మీద ఇళ్లు, దుకాణాలు ఉండేవి. ఇందులో నాకు నచ్చిన సంగతి పంపకం. మూడింట రెండొంతుల వంతెన న్యూకాసిల్ ఊరిది, మిగతా ఒక వంతు డర్హమ్ బిషప్‌ది. హద్దు తెలియడానికి మధ్యలో నీలం రాళ్లు పెట్టుకున్నారు. ఎవరి భాగం మరమ్మతు వాళ్లు చేసుకోవాలి. 1771 నవంబరు వరదకు ఆ పంచాయితీ ఇక అక్కర్లేకపోయింది. వంతెన, దాని మీద ఇళ్లు, అందులో కొందరు మనుషులు కొట్టుకుపోయారు. టైన్ మీద ఆ రాత్రి నిలిచిన రాతి వంతెన కార్‌బ్రిడ్జ్‌లోది ఒక్కటే అంటారు. తిరిగి కట్టిన రాతి వంతెన గట్టిదే కానీ పొట్టిది. పెద్ద ఓడలు దాని దగ్గర ఆగిపోవాల్సిందే, ఎగువకి దారి లేదు.

కోట దిగి హై లెవెల్ బ్రిడ్జ్ మీదికి నడిచాను. ఏడింటిలోనూ నేను ఎక్కువసేపు ఉన్నది దీని మీదే. రాబర్ట్ స్టీఫెన్‌సన్ పని, 1849లో విక్టోరియా రాణి తెరిచింది. పైన రైలు, కింద రోడ్డు. ఇనుప స్తంభాల మధ్య దారి నీడగా, సొరంగంలా ఉంటుంది. ఇప్పుడు గేట్స్‌హెడ్ వైపుకి బస్సులూ టాక్సీలూ మాత్రం పోతాయి, పక్కన నడిచేవాళ్లకు దారి. బస్సు పోతే చెక్కలు వణుకుతాయి. ఆ సమయానికే పైన రైలు కూడా వచ్చిందంటే కాళ్ల కింద నుంచి నడినెత్తి దాకా శబ్దమే.

దీని కట్టుబడి విల్లులాంటిది. పైన వంగిన పోత ఇనుప కమాను విల్లు బద్ద. దాని రెండు చివరలూ విచ్చుకుపోకుండా కింద చేత ఇనుప పట్టీలు అల్లెతాడులా లాగి పట్టుకుంటాయి. పోత ఇనుము నొక్కితే ఎంతయినా మోస్తుంది, లాగితే పుటుక్కున విరుగుతుంది. చేత ఇనుము లాగినా ఊరుకుంటుంది. ఎవరి పని వాళ్లకి అప్పగించాడు స్టీఫెన్‌సన్. ఆ జాగ్రత్త ఎంత విలువైందో ఆయనకి బాగా తెలిసొచ్చిన కాలమది. 1847లో చెస్టర్ దగ్గర డీ నది మీద ఆయన వేసిన వంతెనలో పోత ఇనుప దూలం విరిగి రైలు పడిపోయింది, అయిదుగురు చనిపోయారు. అదే సమయంలో ఇక్కడ నదిలో ఆవిరి సుత్తెతో మొద్దులు దిగగొడుతున్నారు. ఏ ధైర్యంతో ఆ మనిషి పని సాగించాడో అని ఆ రెయిలింగు పట్టుకుని ఆలోచించాను. నూట డెబ్బై ఏళ్లు దాటింది, రైళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి.

ఓడల లెక్కకు హై లెవెల్ చెప్పిన జవాబు పేరులోనే ఉంది. మేం ఇంత ఎత్తున ఉంటాం, మీరు కింద పొండి అని. నడిచేవాళ్ల దగ్గర అర పెన్నీ సుంకం తీసుకునేవారు, 1937 దాకా. రాణి గారి మీద ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. వంతెన తెరిచిన మరుసటేడు స్టేషన్ ప్రారంభానికి వస్తే విందు ఖర్చు బిల్లు ఆమెకే పంపారట. ఆనాటి నుంచి రైలు న్యూకాసిల్ మీదుగా పోతే కిటికీ తెర దించేసేదట. నిజమో కాదో గానీ, సుంకం వసూలు చేసే ఊరికి తగిన కథ.

గేట్స్‌హెడ్ వైపు మెట్లు దిగి నది ఒడ్డుకి వస్తే స్వింగ్ బ్రిడ్జ్. రోమన్ వంతెన, రాతి వంతెనలు ఉన్న చోటే ఇది. ఎరుపూ తెలుపూ రంగులేసుకుని, నీళ్లకు దగ్గరగా, బొమ్మలా ఉంటుంది. దీని వెనక మనిషి విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. లాయరుగా బతకాల్సినవాడు. నీటి పీడనంతో క్రేన్లు నడపవచ్చని మొదట ఇక్కడి ఓడరేవులో నిరూపించి, తర్వాత ఫిరంగులు, ఆ తర్వాత యుద్ధనౌకలు తయారుచేశాడు. ఆయన కార్ఖానా ఎగువన ఎల్స్‌విక్‌లో ఉండేది. పొట్టి రాతి వంతెన అడ్డంగా ఉంటే అక్కడికి పెద్ద ఓడలు ఎలా వస్తాయి? అందుకే రాతి వంతెన పోయి, నది మధ్యలో ఒక ఇరుసు మీద గుండ్రంగా తిరిగే వంతెన వచ్చింది. 1876లో తెరిచారు. మొట్టమొదట దారి ఇచ్చింది యూరోపా అనే ఇటలీ ఓడకు. ఎల్స్‌విక్‌లో వంద టన్నుల ఫిరంగి ఎక్కించుకోవడానికి వచ్చింది అది.

ఈ ముచ్చట చదివి ఒడ్డున బెంచీ మీద కాసేపు కూచున్నాను. వంతెన అంటే రెండు ఊళ్లను కలిపేది, స్నేహానికి గుర్తు అని స్కూల్లో వ్యాసాలు రాశాం. ఇది మాత్రం ఫిరంగుల వ్యాపారం కోసం పుట్టింది. ఆర్మ్‌స్ట్రాంగ్ అటు ఇటలీకి, ఇటు జపాన్‌కి, చిలీకి, ఎవరు డబ్బిస్తే వాళ్లకు నౌకలు కట్టి ఈ వంతెన పక్కనుంచే సాగనంపాడు. అదే మనిషి ఊరికి పార్కులు ఇచ్చాడు, తన ఇంట్లో జలవిద్యుత్తుతో దీపాలు వెలిగించాడు. ఊళ్లో ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగానే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అందమైన ఎరుపూ తెలుపూ చూస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది.

వంతెన దాటి న్యూకాసిల్ రేవు వైపుకి వచ్చేసరికి అరుపులు. సంత ఒకవైపు, ఆదివారం కదా. దానికంటే పెద్ద గోల పైన. తలెత్తి చూస్తే టైన్ బ్రిడ్జ్ దూలాల మీద, గ్రానైటు బురుజుల అంచుల మీద, తెల్లటి సముద్రపు పక్షులు వరసగా గూళ్లు కట్టుకుని కూచున్నాయి. కిట్టివేక్‌లు. సముద్రపు కొండచరియల మీద ఉండాల్సినవి. ప్రపంచం మొత్తంలో సముద్రానికి ఇంత లోపల ఇవి గూళ్లు పెట్టే చోటు ఇదొక్కటే. వసంతంలో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, ఆగస్టుకల్లా అట్లాంటిక్ మీదికి వెళ్లిపోతాయి. కింద నడిచేవాళ్లు గొడుగు తెరుచుకు పోవడం మంచిది, వానకు కాదు. వాసన గురించి దుకాణాలవాళ్లు సణుగుతారు, కానీ పక్షుల మీద ఎవరైనా చెయ్యి వేస్తానంటే ఊరు ఊరుకోదట.

ఈ టైన్ బ్రిడ్జే రైల్లోంచి చూసిన ఆకుపచ్చ కమాను. 1928 అక్టోబరు 10న తెరుచుకుంది. రెండు గట్ల నుంచీ చేతులు చాపినట్టు ఇనుము కట్టుకుంటూ వచ్చి, నది మధ్యలో గాలిలో కలిపారు. 162 మీటర్ల ఒక్క గెంతు. నీళ్లలో ఒక్క స్తంభం లేదు, కడుతున్నన్నాళ్లూ ఓడలకు దారి మూయలేదు. దీన్ని కట్టిన డార్మన్ లాంగ్ కంపెనీయే ఆస్ట్రేలియాలో సిడ్నీ హార్బర్ బ్రిడ్జ్ కట్టింది, అది 1932లో పూర్తయింది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. సిడ్నీది దీన్ని చూసి కట్టారని ఇక్కడివాళ్లు ఛాతీ విరుచుకు చెబుతారు. అసలు సిడ్నీ ఒప్పందమే ముందుది, పూర్తయింది మాత్రం తర్వాత. ఈ సంగతి అక్కడివాళ్ల దగ్గర ఎత్తడం నాకు క్షేమం అనిపించలేదు. రెండు చివరలా ఉన్న గ్రానైటు బురుజులు కమానును మోస్తున్నాయని ఎవరైనా అనుకుంటారు. మొయ్యవు. అయిదంతస్తుల గోదాములుగా వాడుకుందామని మొదలుపెట్టి, లోపల అంతస్తులు వెయ్యకుండానే వదిలేశారు. బలం చూపించడానికి నిలబెట్టిన ఖాళీ గదులు. వంతెన కట్టినప్పుడు పడి చనిపోయిన ఒక కార్మికుడు ఉన్నాడు, నలుగురు పిల్లల తండ్రి. మనుషులకు తాళ్లు కట్టకుండా అంతెత్తున పని చేయించిన కాలంలో ఒక్కడే పోవడం అదృష్టమంటారు. ఆ నలుగురు పిల్లలతో అనగలరా ఆ మాట?

ఇప్పుడు వంతెన చుట్టూ కర్రల బదులు ఇనుప పైపుల సారువలు, గుడ్డలు. నూరేళ్ల పండగ 2028లో వస్తుందని 2024 నుంచి తుప్పు గీకి రంగులేస్తున్నారు. పక్షుల గూళ్లకు చోటు ఉంచుతూనే చెయ్యాలి ఆ పని.

సంతలో స్టాటీ తిన్నాను. పళ్లెమంత గుండ్రంగా, బల్లపరుపుగా, నమలడానికి దవడ సహకరించాల్సిన రొట్టె. మధ్యలో పంది మాంసమూ, పీజ్ పుడ్డింగూ పెడతారు. ఆ పుడ్డింగు అంటే ఎండు బఠాణీ పప్పును మెత్తగా ఉడకబెట్టి చల్లార్చిన ముద్ద. మాంసం వద్దన్నానని ఆ అమ్మాయి ముద్ద రెట్టింపు వేసింది. "చాలా పెట్?" అని అడిగింది. ఇక్కడ ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ అందరూ పెట్‌లే. పోపు లేదు, కారం లేదు. అయినా చలిగాలిలో తింటుంటే కడుపులో బరువుగా, హాయిగా ఉంది. బస్సు దిగేప్పుడు ప్రతివాళ్లూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగే ఊరు ఇది. అపరిచితుడి పక్కన కూచున్నవాళ్లు మౌనంగా ఉండటం మర్యాద అనుకోరు.

అలా మాట కలిపింది ఒక పెద్దావిడ. మిలేనియం బ్రిడ్జ్ లేస్తుందని ప్రకటించిన వేళకు రేవు గోడ దగ్గర జనం చేరారు, వాళ్లలో నేను, నా పక్కన చిన్న కుక్కతో ఆవిడ. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే ఉన్న వంతెన ఇది, గేట్స్‌హెడ్ మున్సిపాలిటీ కట్టించుకుంది. 2000 నవంబరులో దిగువన తయారైన వంతెన మొత్తాన్ని ఏషియన్ హెర్క్యులిస్ టూ అనే తేలే క్రేన్ ఎత్తుకుని నదిలో తెచ్చి దించింది. ఆ రోజు ఒడ్డున తాను ఉన్నానని ఆవిడ చెప్పింది. గేట్లు మూశారు. నడిచే దారి, పైన కమాను రెండూ కలిసి ఒకే ముక్కగా మెల్లగా వెనక్కి వాలాయి. నలభై డిగ్రీలు తిరిగి నిలబడితే నిద్రలేచిన కనురెప్పలా ఉంది. నాలుగున్నర నిమిషాలు పట్టింది. దారి మీద పడిన చెత్త దొర్లుకుంటూ చివరల్లో ఉన్న బుట్టల్లో పడిపోతుంది. ఎత్తిన వంతెన కింద ఓడ కోసం చూశాను. ఏదీ లేదు.

"ఓడ ఏదండీ?" అని అడిగాను.

"ఓడలా? అవి ఎప్పుడో పోయాయి నాయనా. ఇది మనకోసం లేస్తుంది" అంది ఆవిడ.

దిగువన వాల్సెండ్‌లో స్వాన్ హంటర్ ఓడల కార్ఖానా మారిటానియా అనే ఓడను కట్టింది, టైటానిక్ బాధితుల్ని కాపాడిన కార్పేథియాను కట్టింది. ఆ కార్ఖానాలు మూతపడ్డాయి. బొగ్గు లేదు. ఎదురుగా ఉన్న బాల్టిక్ పిండిమిల్లు ఇప్పుడు చిత్రకళా కేంద్రం. ఎత్తుగా ఒకటి, తిరుగుతూ ఒకటి, గెంతుతూ ఒకటి, వాలుతూ ఒకటి, ఈ వంతెనలన్నీ రాని ఓడలకు దారి విడుస్తూ నిలబడ్డాయి. వీటి అందం అంతా ఆ మర్యాదలోంచి వచ్చిందేనని నాకనిపించింది. దాటేవాళ్ల కోసమే కట్టి ఉంటే అన్నీ ఒకేలా ఉండేవి.

మీ ఊళ్లో నది ఉందా అని ఆవిడ అడిగింది. రాజమండ్రి అని చెప్పాను. గోదావరి మీద 1900లో కట్టిన పాత రైలు వంతెనకు 56 స్పాన్లు, పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే అని చెప్పాను. పక్కన రోడ్డు పైన, రైలు కింద నడిచే వంతెన ఒకటి, ఇక్కడి హై లెవెల్‌కు తలకిందులు. ఇంకొకటి 1997లో కట్టిన కమానుల వంతెన, అదీ విల్లూ అల్లెతాడూ సూత్రమే, కాంక్రీటుతో. మా నదికి పెద్ద ఓడల బెడద లేదు, నదే బెడద. వరదల్లో ఇసుక అడుగునుంచి కదిలిపోతుంటే బావులు లోతుగా దించి వాటి మీద స్తంభాలు నిలబెట్టారు. ఓడ కోసం కాదు, నీళ్ల కోసమే దారి విడవాలి మాకు.

ఆవిడ కుక్క గొలుసు సర్దుకుంటూ లెక్క వేసుకుంది. "రెండున్నర కిలోమీటర్లా? నడిచి దాటేవాళ్లకు మధ్యలో టీ దొరుకుతుందా మరి?"

సాయంత్రం మేనల్లుడు కారుతో వచ్చాడు. టైన్ బ్రిడ్జ్ మీద మరమ్మతులకు కొన్ని దారులు మూసేశారు, ఆ పేరు ఎత్తితేనే వాడికి చిరాకు. పడమటి చివర రెడ్‌హ్యూ బ్రిడ్జ్ మీదుగా తీసుకెళ్లాడు. ఆ చోట ఇది మూడో వంతెన. 1871లో కట్టినదొకటి, 1901లో కట్టినది ఇంకొకటి పోయాక, 1983లో యువరాణి డయానా తెరిచిన కాంక్రీటు వంతెన. బూడిదరంగు, తిన్నగా, నాలుగు లేన్లు. గాలి గట్టిగా వీస్తే ఎత్తు లారీల్ని ఆపేస్తారు. ఎడమ కిటికీలోంచి మిగతా వంతెనలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. మెట్రో రైలొకటి నీలం వంతెన మీద పోతోంది. ఫొటో తీద్దాం, కాస్త పక్కకి ఆపరా అన్నాను.

"ఇక్కడ ఆపకూడదు మావయ్యా. నాకీ వంతెనంటే అందుకే ఇష్టం. ఎవరూ ఫొటోలు తీసుకోరు, ఏడు నిమిషాల్లో ఇంట్లో ఉంటాం."